‘కోల్ గెహిన్నోమ్’ – ఏడక్షరాల్లో చాడీల వేళ్లు

ప్రశ్న: చాడీలకు మూలకారణాలను యూదుల గ్రంథమొకటి ‘కోల్ గెహిన్నోమ్’ అంటుందని చదివాను. గెహిన్నోమ్ అంటే నరకం కదా, కారణాలకు ఆ పేరేమిటి? హీబ్రూ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు: మాటకు మాట అర్థం చూస్తే ‘నరకమంతా’ అనే వస్తుందండీ. కానీ ఇక్కడ అది ఏడు మాటల తొలి అక్షరాలతో కట్టిన గుర్తు. హీబ్రూలో మామూలుగా హల్లులే రాస్తారు కాబట్టి ఇలాంటివి వాళ్లకు సులువు. కఆస్ అంటే కోపం, లేత్సానూత్ వెటకారం, గఆవా గర్వం, యేఊష్ నిరాశ, హెఫ్కేర్ అంటే అడిగే దిక్కులేనితనం, నిర్గాన్ అంటే ఎప్పుడూ సణిగే మనిషి. ఏడోది ‘ఒమేర్ ముతార్’, అంటే ‘చెప్పొచ్చులే, తప్పేం లేదు’ అనుకోవడం. దీన్లో ముతార్‌లోని ‘మ’ను తీసుకున్నారు.

ఈ పట్టీ యూదుల మతగురువు రబ్బీ యిస్రాయేల్ మెయిర్ కగన్ (1838–1933) రాసిన ‘ష్మీరత్ హలషోన్’ (నాలుకను కాచుకోవడం) అనే పుస్తకంలోది. ఆయనది ఇప్పటి బెలారస్‌లోని రాదిన్. అంతకు ముందు 1873లో విల్నా (ఇప్పటి విల్నియస్)లో, తన పేరు వేసుకోకుండా చాడీల మీదే ‘హఫేత్స్ హయీమ్’ అనే పుస్తకం తెచ్చారు. బతుకు కోరేవాడు అని అర్థం, 34వ కీర్తనలోది. చివరికి జనం ఆయన్నే ఆ పేరుతో పిలిచారు.

నాకు బాగా పట్టింది నిర్గాన్. సామెతలు 16:28లో ఇదే మాటకు తెలుగు బైబిలు ‘కొండెగాడు మిత్రభేదము చేయును’ అంది. చిన్నయసూరి చదివినవాళ్లకు దమనకుడు గుర్తొస్తాడు. ద్వితీయోపదేశ కాండం 1:27లో అదే ధాతువుకు ‘మీ గుడారములలో సణుగుచు’ అని ఉంది. అంటే మనకు రెండు మాటలైనది వాళ్లకు ఒకే వేరు. గుడారంలో కూర్చుని ‘నాకేం ఒరిగింది’ అని సణిగేవాడికి ఎదుటివాళ్లు చేసే ప్రతి పనిలోనూ కుట్రే కనిపిస్తుంది, అదే బయటికొస్తే కొండెం. అందుకే ఇలాంటివాడికి మందు నోరు కట్టేయడం కాదు, చూపు మార్చుకోవడం. ‘ప్రతి మనిషినీ మంచివైపు మొగ్గేలా తూచు’ అని యూదు పెద్దల సూక్తుల పుస్తకం పిర్కే అవోత్ మొదటి అధ్యాయంలోనే ఉంది.

వెటకారానికి మందు ఇంకా సూటిగా ఉంది: ఆ బ్యాచ్‌లో కూర్చోకు. మొదటి కీర్తనలో ‘అపహాసకులు కూర్చుండు చోటను కూర్చుండక’ అన్నది దీనికే పనికొస్తుంది. కోపం, గర్వం సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వ్యాఖ్య: మాస్టారూ, ఉన్నమాట చెబితే కొండెం ఎలా అవుతుంది? లేనిది కల్పిస్తేనే కదా తప్పు?

జవాబు: ఏడోది సరిగ్గా ఇదేనమ్మా! ‘లషోన్ హరా’ అంటే ఉన్నమాటే, కానీ ఎదుటివాళ్లను చులకన చేసేదో, నష్టపరిచేదో. కల్పించి చెబితే దానికి ‘మోత్సీ షేమ్ రా’ అని వేరే పేరుంది, అది ఇంకా పెద్ద తప్పు. ఒకరన్నది ఇంకొకరికి మోసి తగువు పెట్టడం ‘రెఖీలూత్’. కోపిష్ఠికి కోపం దిగాక కాస్త సిగ్గేస్తుంది. ‘ఉన్నమాటే అన్నాను, వాడి ముందైనా అంటాను’ అనేవాడికి అదీ ఉండదు, తప్పనే అనుకోడు కాబట్టి. ఏడింటిలో నా ఓటు దీనికే.

వ్యాఖ్య: అందరూ చేసేదే, మనవల్ల అయ్యే పని కాదులెండి.

జవాబు: అన్నా, మీరు నాలుగోదాంట్లో పడ్డారు, యేఊష్! ఈ సాకు యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌లోనే దొరుకుతుంది. అందులోని బావా బత్రా అనే భాగంలో ‘ఎక్కువమంది దొంగతనంలో, కొద్దిమంది వ్యభిచారంలో, అందరూ లషోన్ హరాలో పడతారు’ అని ఉంది. కాకపోతే వెంటనే సర్దుకుని, ఇక్కడ చెప్పింది దాని ‘ధూళి’ గురించే అంటారు. ధూళి అంటే ‘ఆయన సంగతి ఇప్పుడెందుకులే’ అని వదిలేసే సగం మాటలు. ధూళి అంటకుండా ఉండలేమని బురదలో దిగక్కర్లేదుగా.

వ్యాఖ్య: మరి పెళ్లి సంబంధం విచారిస్తూ ఎవరైనా మనల్ని అడిగితే? అబ్బాయి తాగుతాడని తెలిసీ నోరు మూసుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ. హఫేత్స్ హయీమ్‌లో సంబంధాల గురించి ప్రత్యేకంగానే రాశారు. ఎదుటివాళ్ల మేలు కోసం చెప్పడాన్ని ‘తోఎలెత్’ అంటారు, ఉపయోగం అని. దానికి షరతులున్నాయి. స్వయంగా చూసి, నిదానంగా ఆలోచించి ఉండాలి. ఉన్నదానికి చిలవలు పలవలు చేర్చకూడదు. మనసులో పాత కక్ష ఉండకూడదు. చెప్పకుండా ఆ నష్టం ఆపే దారి ఇంకోటి ఉంటే అదే పట్టాలి. మీరు కళ్లారా చూడకుండా విన్నదే అయితే, ‘విన్నాను, మీరే కనుక్కోండి’ అని ఆ తేడా వాళ్లకు తెలిసేలా చెప్పండి.