గంజాయి కేసులో ప్రైవేటు వకీలా, ఉచిత న్యాయ సహాయమా?

పాడేరు నివాసి:
మా మేనమామ కొడుకు పాడేరు, నర్సీపట్నం మధ్య ఆటో నడుపుతాడు. పోయిన నెల ఇద్దరు ప్రయాణికులు ఎక్కించిన బస్తాల్లో 28 కిలోల గంజాయి దొరికిందని అతడినీ అరెస్టు చేశారు. వకీలు గారొకరు మూడు లక్షలు అడుగుతున్నారు. 1/70 చట్టం వల్ల మా గిరిజన భూమిని గిరిజనేతరులకు అమ్మలేము కనుక, కాఫీ, మిరియాల పంటను షావుకారుకు ముందే రాసిచ్చేద్దామని మామయ్య పట్టుబడుతున్నాడు. ఉచిత న్యాయ సహాయం చాలదా అన్నది నా ప్రశ్న.

గోదారి గట్టు:
చాలదు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, నేరం రుజువైతే కనీస శిక్షే పదేళ్లు. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ ప్రకారం ముద్దాయి నిర్దోషి అని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికి వచ్చి మళ్లీ నేరం చేయడని జడ్జి గారికి తోస్తేనే బెయిల్. అంత బరువైన వాదనను జీతానికి పనిచేసేవారి చేతిలో పెడతారా?

సింహాచలం మెట్లు:
జీతానికి పనిచేయడం తప్పెలా అవుతుంది? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం గిరిజనులకూ, కస్టడీలో ఉన్నవారికీ ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉంది. 2022లో వచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో జీతానికి నియమితులైన ఉచిత న్యాయవాదులు ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా జైలు నుంచే అర్జీ పెట్టించండి.

గోదారి గట్టు:
హక్కు కాగితం మీద బాగుంటుంది. మా పక్కింటి అబ్బాయి కేసులో ఇచ్చిన ఉచిత న్యాయవాది మూడు వాయిదాలకు రాలేదు.

సెషన్సు వకీలు:
రెండు వైపులా వాదించిన అనుభవంతో చెబుతున్నాను: ఫీజు కంటే ముందు చూడవలసింది మధ్యవర్తుల నివేదిక, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ఎదుట రాసిన పంచనామా. తూకం ఎక్కడ వేశారు, గోనెసంచితో కలిపి వేశారా, ఆకులూ గింజలూ వేరు చేశారా, 52ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట నమూనాలు తీశారా అన్నవి అందులోంచి, దాని పక్కన పెట్టి చదవవలసిన కోర్టు రికార్డులోంచి బయటపడతాయి. పూత, కాయ కొసలు లేని వట్టి ఆకులు, గింజలు చట్టం దృష్టిలో గంజాయి కావు కనుక, 28 కిలోలు 20కి తగ్గితే 37వ సెక్షన్ అడ్డే తొలగవచ్చు. చాలామంది 50వ సెక్షన్ గురించి ఆశ పెట్టుకుంటారు గానీ, అది ఒంటి మీద సోదాకే తప్ప బస్తాలకు వర్తించదు. అధికారుల ముందు ఒప్పుకున్నట్టు కాగితం ఉన్నా బెంగపడవద్దు. 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అటువంటి వాంగ్మూలం చెల్లదన్నది.

అసలు చిక్కు 35వ సెక్షన్. బస్తాల్లో ఏముందో డ్రైవరుకు తెలుసునని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియదని అతడే సందేహానికి తావులేకుండా నిరూపించుకోవాలి. ఆ ప్రయాణికులతో అతడికి ముందు పరిచయం లేదని చూపే కాల్ రికార్డులు, ఆటో స్టాండు దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు కొంతకాలానికి చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని కోర్టులో ఇప్పుడే దరఖాస్తు వేయించండి. ఈ పనికి మూడు లక్షలు అక్కరలేదు, శ్రద్ధ కావాలి.

సింహాచలం మెట్లు:
ఛార్జిషీటు వేసే గడువు సంగతి?

సెషన్సు వకీలు:
వాణిజ్య పరిమాణానికి 180 రోజులు. ప్రాసిక్యూటర్ నివేదికపై కోర్టు ఏడాది దాకా పెంచవచ్చు. పెంచకుండా, ఛార్జిషీటూ రాకుండా గడువు దాటితే బెయిల్ హక్కుగా వస్తుంది, అయితే ఛార్జిషీటు పడేలోపే అడగాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ హక్కు పోవచ్చు.

గోదారి గట్టు:
అంత శ్రద్ధ చూపే ఉచిత న్యాయవాది దొరికితే నేను ఒప్పుకుంటాను. ఆయన రెండు వాయిదాలకు రాకపోతే మాత్రం పంట సంగతి మళ్లీ ఆలోచించండి.

పాడేరు నివాసి:
సోమవారం జైలులో ములాఖత్‌కు వెళ్లి అర్జీ మీద సంతకం చేయిస్తాను. కాల్ రికార్డుల దరఖాస్తు ఆ న్యాయవాది గారికి మొదటిరోజే చెబుతాను. పంటను ముట్టుకోవద్దని మామయ్యను ప్రస్తుతానికి ఒప్పించాను. మొదటి రిమాండు తేదీ నుంచి 180వ రోజును ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టాము.