ఉర్దూ మీడియం నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయిలు ఎంబీబీఎస్ సీటు కోసం ఫస్టియర్ నుంచే ఏం చూసుకోవాలి? (తెలంగాణ)

ఫిజిక్స్ సార్, నిజామాబాద్

మా జూనియర్ కాలేజీ బైపీసీ ఫస్టియర్‌లో ఈసారి ముస్లిం అమ్మాయిలు ఎక్కువమంది చేరారు. సగం మంది పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తండ్రులు ఆటో నడిపేవాళ్లు, మెకానిక్కులు. కొందరి ఇళ్లల్లో అమ్మలు బీడీలు చుడతారు. పిల్లలు చురుకైనవాళ్లు, క్లాసులో అడిగే ప్రశ్నలు వింటే తెలుస్తుంది. కానీ నీట్ మాటెత్తితే "డాక్టర్ చదువు మాలాంటోళ్లకి ఎక్కడిది సార్" అంటున్నారు.

ఫిజిక్స్ చెప్పడం నా పని, అది చేస్తాను. మిగతావే తెలియాలి. ఉర్దూలో రాయించాలా, ఇంగ్లీషులోనా? బీసీ-ఈ (ముస్లింలలో వెనుకబడిన వర్గాల రిజర్వేషన్), మైనారిటీ కోటా ఒకటేనా? ఏ సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించాలి? స్కార్ఫ్‌తో పరీక్షకు రానిస్తారా? ఫీజు ఎంత? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

జువాలజీ మేడమ్

సార్, ముందు భాష సంగతి తేల్చండి. నీట్ పేపరు 13 భాషల్లో వస్తుంది, 2018 నుంచి అందులో ఉర్దూ ఉంది. ఉర్దూ పేపరు దేశంలో ఏ సెంటర్లోనైనా ఇస్తారు. ప్రశ్న ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ కనిపిస్తుంది, అనువాదంలో తేడా ఉంటే ఇంగ్లీషు ప్రశ్నే లెక్క. దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి కాబట్టి నిర్ణయం ముందే జరగాలి.

మీ పిల్లలు ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నట్టయితే ఇంగ్లీషు పేపరే రాయించండి. మాక్ టెస్టులు, పాత పేపర్లు అన్నీ ఇంగ్లీషులోనే దొరుకుతాయి, రేపు ఎంబీబీఎస్ కూడా ఇంగ్లీషులోనే. అలాగని ఉర్దూను మొదటి రోజే పక్కన పెట్టించకండి. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల బయాలజీ ఉర్దూ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. మొదటి మూడు నాలుగు నెలలు ఒక పేజీ ఉర్దూలో చదివి విషయం పట్టుకోవాలి, వెంటనే అదే పేజీ ఇంగ్లీషులో చదవాలి. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజుకు పదిహేను పదాలు రెండు భాషల్లో ఎక్కించాలి. ఈ పని దసరా సెలవుల లోపు అయిపోవాలి. సెకండియర్ దాకా సాగదీస్తే ప్రశ్న చదవడానికే టైమ్ పోతుంది. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు ఒక్క నిమిషమే.

మొత్తం 720లో 360 మార్కులు బయాలజీవే, 90 ప్రశ్నలు. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీలో 11వ తరగతికి 19 పాఠాలు, 12వ తరగతికి 13. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, రెండేళ్లూ ఇంటర్ పరీక్షల కోసం తెలుగు అకాడమీ పుస్తకాలే చదివి, మార్చిలో పరీక్షలయ్యాక ఎన్‌సీఈఆర్‌టీ తెరవడం. నీట్ మామూలుగా మే మొదటి ఆదివారం ఉంటుంది. ఆ కొద్ది వారాల్లో 32 పాఠాలు లైను లైనుగా చదవడం ఎవరి వల్లా కాదు. అకాడమీ పుస్తకంలో ఒక పాఠం అయిన వారమే ఎన్‌సీఈఆర్‌టీలో అదే పాఠం పూర్తి చేయించండి. బొమ్మల కింది వాక్యాలూ పట్టికలూ వదలొద్దు, వాటి నుంచి ప్రశ్నలు వస్తాయి.

ఒక చిక్కు ఉంది. సిలబస్‌లో మాల్వేసీ, క్రూసిఫెరీ, లెగ్యుమినోసీ, కంపోజిటే, గ్రామినే అని ఐదు కుటుంబాలు ఉన్నాయి, ఇవన్నీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో దొరకవు. నేషనల్ మెడికల్ కమిషన్ సైటు నుంచి సిలబస్ ప్రింటు తీసి గోడకు అంటించండి. పుస్తకం చూసి కాదు, ఆ కాగితం చూసి టిక్కు పెట్టించండి.

నెగెటివ్ మార్కుల భయం గురించి కూడా చెప్పాలి. ఇలాంటి పిల్లలు భయపడి పాతిక, ముప్పై ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తారు. తప్పుకు పోయేది 1, ఒప్పుకు వచ్చేది 4. నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టడం లాభం: సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు వస్తుంది. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటు పావు మార్కే, ఆ రోజు కలిసిరాకపోతే పెద్ద దెబ్బ. కాబట్టి రెండు కొట్టేయగలిగితే పెట్టు, లేకపోతే వదిలెయ్. ఈ నియమం మాక్ టెస్టుల్లోనే అలవాటు కావాలి.

టైమ్ పంచుకోవడం: బయాలజీ 45 నుంచి 50 నిమిషాలు, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 60. మిగిలిన ఇరవై నిమిషాలు ఓఎంఆర్‌కూ ఆగిపోయిన ప్రశ్నలకూ. కోచింగ్‌కు డబ్బు లేని పిల్లలకు ఐఐటీ కాన్పూర్ 'సాథీ' వెబ్‌సైట్లో నీట్ పాఠాలు, టెస్టులు ఉచితం.

వెబ్ ఆప్షన్స్, వరంగల్

సార్, బీసీ-ఈ వేరు, మైనారిటీ కోటా వేరు. ఒకే అమ్మాయికి మూడు దారులు ఉండొచ్చు, మూడూ వాడుకోవాలి.

మొదటిది ఓపెన్. ర్యాంకు సరిపోతే ఓపెన్‌లోనే సీటు వస్తుంది, అప్పుడు బీసీ-ఈ సీటు ఇంకో పిల్లకు మిగులుతుంది. రెండోది బీసీ-ఈ, 4 శాతం. 100 సీట్ల ప్రభుత్వ కాలేజీలో 15 ఆలిండియా కోటాకు పోతే మిగిలేది 85, అందులో 4 శాతం అంటే 3 సీట్లు. ఒక్క కాలేజీని చూస్తే చిన్న సంఖ్య. కానీ ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, అన్నీ కలిపితే చిన్నది కాదు. అందుకే ఆప్షన్లలో నిజామాబాద్, హైదరాబాద్ మాత్రమే పెట్టి ఊరుకోకూడదు. మూడోది ముస్లిం మైనారిటీ ప్రైవేటు కాలేజీల్లో 'ఎ' కేటగిరీ (కన్వీనర్ కోటా) సీట్లు. డెక్కన్, షాదాన్ లాంటివి. వీటిలో 60 శాతం సీట్లు రాష్ట్ర కౌన్సెలింగ్ ద్వారా ముస్లిం విద్యార్థులకు, వాళ్ల మధ్య ర్యాంకు ప్రకారం ఇస్తారు. దీనికి బీసీ-ఈ ఉండక్కర్లేదు, ముస్లిం అయితే చాలు.

ఇప్పుడు అందరూ పొరపడే చోటు. నీట్ దరఖాస్తులో 'ఓబీసీ-ఎన్‌సీఎల్' (ఓబీసీ నాన్ క్రీమీలేయర్) అని అడిగేది కేంద్ర జాబితా గురించి. రాష్ట్రంలో బీసీ-ఈ అయినంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. జాతీయ బీసీ కమిషన్ సైటులో తెలంగాణ జాబితా తీసి, సర్టిఫికెట్ మీదున్న వర్గం పేరు అందులో ఉందో లేదో చూడండి. ఉంటేనే ఓబీసీ పెట్టాలి, కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ కూడా కావాలి. లేకపోతే జనరల్ అని పెట్టినా రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీసీ-ఈ హక్కు ఎక్కడికీ పోదు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ రిజిస్ట్రేషన్‌లో దాన్ని విడిగా నమోదు చేస్తారు.

కాగితాలు ఫస్టియర్‌లోనే మొదలుపెట్టండి. మీసేవలో కులం సర్టిఫికెట్‌కు పెట్టినప్పుడు ఉత్త 'ముస్లిం' అని కాకుండా వర్గం పేరు, షేక్ లాంటిది, రావాలి. ఆరు నుంచి పది దాకా, ఇంటర్ రెండేళ్లకూ స్టడీ సర్టిఫికెట్లు. పదో తరగతి టీసీలో మతం రాసి ఉంటే మైనారిటీ రుజువుగా పనికొస్తుంది, జిరాక్సులు తీసి దాచమనండి.

పేర్ల దగ్గర చాలా ఇబ్బంది అవుతుంది. పదో తరగతి మెమోలో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', కులం సర్టిఫికెట్లో 'మహ్మద్'. అమ్మాయిల పేర్ల చివర బేగం, సుల్తానా, ఫాతిమా ఒక కాగితంలో ఉండి ఇంకో దాంట్లో ఉండవు. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని, అక్షరం అక్షరం దానికి సరిపోయేలా మిగతావి ఇప్పుడే సరిచేయించాలి. వెరిఫికేషన్ వారంలో ఆధార్ మార్పు అవ్వదు.

ఇంకొకటి మీ జిల్లాకు ప్రత్యేకం. కోచింగ్ బాగుంటుందని మహారాష్ట్రలోని నాందేడ్ పంపుతుంటారు. 11, 12 అక్కడే చదివితే లోకల్ హోదా పోయే ప్రమాదం ఉంది. 2024 నాటి జీవో 33 ప్రకారం ఇంటర్‌తో ముగిసే నాలుగు వరుస ఏళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా, తెలంగాణలో చదివి ఉండాలి. 2025లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. లోకల్ కాకపోతే రాష్ట్ర కోటాలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నా ఉపయోగం లేదు. నాందేడ్ కోచింగే కావాలనుకుంటే ఇంటర్ ఇక్కడ పాసయ్యాక లాంగ్‌టర్మ్‌కు పంపండి.

ఫిజిక్స్ సార్, నిజామాబాద్

చాలా మేలు చేశారు. ఇద్దరు నాందేడ్ వెళ్లే ఆలోచనలోనే ఉన్నారు, రేపే ఇంటికి ఫోన్ చేస్తాను. ఇంకో రెండు సందేహాలు. క్లాసులో ఇద్దరు సయ్యద్, ఒకరు పఠాన్. వాళ్లకు బీసీ-ఈ రాదంటున్నారు, నిజమేనా? ఒకమ్మాయి హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం చేయడం) కోసం కొన్నేళ్లు మదర్సాలో ఉండి, ఓపెన్ స్కూల్లో పది పాసైంది. ఆమె సంగతేమిటి?

వెబ్ ఆప్షన్స్, వరంగల్

నిజమే. బీసీ-ఈ తెచ్చిన 2007 చట్టంలోనే సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ వంటి వర్గాలను మినహాయించారు. వాళ్లు ఓసీ కిందికి వస్తారు. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి షరతులు సరిపోతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీలకు ఇచ్చే) సర్టిఫికెట్ తీయించండి. ఆలిండియా కోటాలో దానికి 10 శాతం. ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోవాలి, పాతది చెల్లదు. మైనారిటీ కాలేజీల 'ఎ' కేటగిరీ వాళ్లకూ వర్తిస్తుంది. దూదేకుల పిల్లలుంటే వాళ్లది బీసీ-బి, ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలది బీసీ-సి. వాళ్లను బీసీ-ఈలో కలపకండి.

మదర్సా అమ్మాయి విషయంలో బడికి వెళ్లని ఏళ్లు ఏవో ముందు రాసుకోండి. లోకల్ హోదాకు చూసే నాలుగేళ్లలో అవి పడకపోతే పెద్ద చిక్కు లేదు. పడితే ఆ కాలానికి తెలంగాణలోనే నివాసం ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, మదర్సా ఇచ్చే ఉత్తరం జత చేసి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. కౌన్సెలింగ్ సీజన్‌లో తహసీల్ ఆఫీసుల్లో రద్దీ ఉంటుంది.

హౌస్‌సర్జన్, హైదరాబాద్

పరీక్ష రోజు, ఫీజు గురించి నేను చెప్తాను.

స్కార్ఫ్, బుర్ఖాతో రావచ్చు. సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవాళ్లు తనిఖీ కోసం ముందుగా చేరాలన్నది నియమం. గేటు 1:30కి మూస్తారు, వీళ్లు 12:30కే అక్కడుండాలి. అమ్మాయిల తనిఖీ మూసిన గదిలో మహిళా సిబ్బందే చేస్తారు. పిన్నులు, బ్రోచ్‌లు, గాజులు, చెవి కమ్మలు వద్దు. లోహపు పిన్ను లేకుండా కట్టుకునే స్కార్ఫ్‌తో రెండు మాక్ టెస్టులు రాయించండి, అసలు రోజున చేయి మాటిమాటికీ తల మీదికి పోదు. చెప్పులే వేసుకోవాలి, బూట్లు వద్దు.

ఫీజు: ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఏడాదికి 10,000 రూపాయలు, ప్రైవేటులో 'ఎ' కేటగిరీ 60,000. మైనారిటీలకు ఈపాస్ (రాష్ట్ర స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్)లో ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. సర్కారు డబ్బు ఆలస్యంగా వస్తుంటుంది, కాబట్టి మొదటి ఏడాది హాస్టల్, మెస్, పుస్తకాలు, ఏప్రన్ ఖర్చు చేతిలో ఉంచుకోమని తల్లిదండ్రులకు ముందే చెప్పండి. 'బీ' కేటగిరీ (మేనేజ్‌మెంట్ సీటు) ఏడాదికి పది లక్షలు దాటుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి దాంట్లో చేర్చే ముందు, ఇంకో ఏడాది చదివితే కన్వీనర్ సీటు వచ్చే అవకాశం ఎంతో ఆ పిల్ల మాక్ మార్కులు చూసి లెక్కేయండి. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న హద్దు లేదు, గరిష్ఠ వయసు కూడా లేదు.

విదేశీ ఎంబీబీఎస్ ఏజెంట్లు ఇలాంటి ఇళ్లకే ఎక్కువ తిరుగుతారు. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మీడియంలో ఉండాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. నీట్ అర్హత ఎలాగూ తప్పదు, తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి. వీటిలో ఏది లేకపోయినా ఇక్కడ ప్రాక్టీసుకు అనుమతి రాదు.

ఆపరేషన్ థియేటర్లో స్కార్ఫ్ ఎలా అని తల్లులు అడుగుతారు. జుట్టూ మెడా కప్పే సర్జికల్ హుడ్ ఉంటుంది. స్క్రబ్ చేసేటప్పుడు మాత్రం మోచేతుల దాకా చేతులు ఖాళీగా ఉండాలి, అది అందరికీ ఒకటే. ఆ తర్వాత పూర్తి చేతుల స్టెరైల్ గౌన్ వేస్తారు.

ఇక "మాలాంటోళ్లకి ఎక్కడిది" అన్న మాటకు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్, ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం, మొదట్లో వైద్యం చెప్పింది ఉర్దూలోనే. 1885లో అక్కడ చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ, పార్సీ అమ్మాయి, క్లోరోఫామ్ మత్తు ఇవ్వడంలో నిపుణురాలై సుల్తాన్‌బజార్ ఆస్పత్రిలో పనిచేసింది. 1909లో ఎడిన్‌బరో వెళ్లి పైచదువు చదివింది. ప్రపంచంలో తొలి మహిళా ఎనస్తటిస్టుగా ఆమె పేరే చెబుతారు. మీ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే హైదరాబాద్‌లో డాక్టర్లు తయారయ్యారని, ఆ స్కూల్లో మైనారిటీ అమ్మాయి కూడా చదివిందని తల్లిదండ్రుల మీటింగులో చెప్పండి. వీలైతే మీ ఊరి మెడికల్ కాలేజీలో చదువుతున్న ముస్లిం అమ్మాయినొకరిని ప్రిన్సిపాల్ అనుమతితో అదే మీటింగుకు పిలవండి. తల్లుల ప్రశ్నలకు మీకన్నా, నాకన్నా ఆమె జవాబులు బాగా పనిచేస్తాయి.