పర్మలాయ్ నానోవైరులో డొమైన్ వాల్ ఒక్కో పల్సుకు ఒక్కో దిక్కుకు పోతాంది, ఎందుకు?

అయస్కాంతం_అనంతపురం:
పర్మలాయ్ (నికెల్-ఇనుము మిశ్రమలోహం) వైరు, వెడల్పు 200 నానోమీటర్లు, మందం 20, పొడవు 5 మైక్రాన్లు. నిరోధం 375 ఓమ్‌లు. చదరపు మీటరుకు 10¹² ఆంపియర్లు రావాలంటే 4 మిల్లీఆంపియర్లు, అంటే 1.5 వోల్టులు అని లెక్కేసి పల్స్ జనరేటర్‌లో అదే పెట్టినాం. పల్సు 10 మైక్రోసెకన్లు. డొమైన్ వాల్ (వేర్వేరు దిక్కులకు అయస్కాంతీకరణ ఉన్న రెండు డొమైన్ల మధ్య సరిహద్దు) ఒకసారి ఎలక్ట్రాన్లు పోయే దిక్కుకు, ఇంకోసారి ఎదురుగా పోతాంది. కొన్నిసార్లు వాలే మాయం. రెండు వైర్లు కాలిపోయినాయి కూడా. తప్పెక్కడ సార్?

కర్నూలు_బురుజు:
ఆ 1.5 వోల్టుల దగ్గరే ఉంది. జనరేటర్ తెర మీది అంకె, అవతల 50 ఓమ్‌ల లోడు ఉందనుకొని చూపేది. లోపల దానికి ఇంకో 50 ఓమ్‌లు, అసలు వోల్టేజీ 3. మీ లోడు 375 కాబట్టి 3ను 425తో భాగించండి: 7 మిల్లీఆంపియర్లు! వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి మీరనుకున్నదానికి మూడు రెట్లు. అది 10 మైక్రోసెకన్ల పాటు. వైరు క్యూరీ ఉష్ణోగ్రత దాకా (అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, పర్మలాయ్‌కి సుమారు 850 కెల్విన్) పోతే డొమైన్లు చెరిగిపోయి, చల్లారేటప్పుడు ఎట్లా పడితే అట్లా మళ్లీ ఏర్పడతాయి. మీరు చూసిన ఎదురునడక చాలావరకు నడకే కాదు.

ఆసిలోస్కోపును 50 ఓమ్‌ల ఇన్‌పుట్‌లో పెట్టి వైరుతో శ్రేణిలో కలపండి. స్కోపులో 0.2 వోల్టులు కనబడితే 4 మిల్లీఆంపియర్లు. అందుకు జనరేటర్‌లో 0.95 వోల్టుల దగ్గర పెట్టాలి. పల్సు పైగీత పోనుపోను కిందికి వాలుతుంటే వైరు వేడెక్కి నిరోధం పెరుగుతోందన్నమాట. ఎంత వేడో తెలియాలంటే, ముందే హాట్ ప్లేట్ మీద 20 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా, 100 మైక్రోఆంపియర్లతో నిరోధం కొలిచి గీత గీసుకోండి.

గండికోట_కడప:
చిప్ దగ్గరే వైరుకు సమాంతరంగా 50 ఓమ్‌లు పెడితే లోడు 44 అవుతుంది, తెర అంకె దాదాపు నిజమవుతుంది. నానోసెకన్ల పల్సులకు ఇదే మేలు, ప్రతిఫలనాలు తగ్గుతాయి. కానీ వాల్ నిరోధం కొలిచేటప్పుడు దాన్ని తీసేయాలి.

పల్సు పొడవు కూడా తప్పే. స్పిన్ ధ్రువణత (కరెంటులో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిక్కుకు ఎంత మొగ్గినాయో) 0.5, అయస్కాంతీకరణ మీటరుకు 8×10⁵ ఆంపియర్లు వేసుకుంటే, 10¹² దగ్గర స్పిన్ ప్రవాహ వేగం (అడ్డేమీ లేకుంటే వాల్ పోగల వేగం లాంటిది) సెకనుకు 36 మీటర్లు. 10 మైక్రోసెకన్లకు 360 మైక్రాన్లు. మీ వైరు 5 మైక్రాన్లే! నిజంగా అంత రాదు, అంచుల గరుకుతనం వాల్‌ను పట్టేస్తుంది. 2004లో యమగుచి బృందం 240 నానోమీటర్ల వైరులో 1.2×10¹² దగ్గర కొలిచింది సెకనుకు సుమారు 3 మీటర్లే. వాళ్ల పల్సు 0.5 మైక్రోసెకను. మీరూ అక్కడ మొదలుపెట్టండి.

దిక్కు తేల్చడానికి నాలుగు పరీక్షలు: తల-తల వాల్ (రెండు పక్కల అయస్కాంతీకరణ వాల్ వైపు చూసేది), తోక-తోక వాల్ (రెండు పక్కలా వాల్ నుంచి బయటికి చూసేది), ఒక్కోదానికి కరెంటు అటూ ఇటూ. స్పిన్ టార్క్ (కరెంటులోని ఎలక్ట్రాన్ల స్పిన్ వాల్‌ను తోయడం) అయితే రెండు రకాల వాల్సూ ఎలక్ట్రాన్ల దిక్కుకే పోతాయి. ఒకటి అటు, ఒకటి ఇటు పోతే ఎక్కడో అయస్కాంత క్షేత్రం దూరుతోంది.

కర్నూలు_బురుజు:
ఇంకోటి. వాల్ ఉంటే నిరోధం తగ్గేది 0.2 ఓమ్ లాంటి చిన్న మొత్తం. గది ఒక డిగ్రీ మారితేనే నిరోధం అంతకంటే ఎక్కువ మారుతుంది. మన వేసవిలో ఏసీ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా రీడింగులు నమ్మకండి. అదే చిప్ మీద వాల్ లేని జంట వైరు పెట్టి బ్రిడ్జిలో తేడా చూడండి. మన పొడి గాలిలో చేతి స్థిరవిద్యుత్తే వైరును చంపుతుంది: రిస్ట్ స్ట్రాప్ తప్పనిసరి, బాండింగ్ (చిప్‌కు సన్న తీగలు అతికించడం) అయ్యేదాకా వైరు చివర్ల లోహపు ప్యాడ్లు షార్ట్ చేసి ఉంచండి.

అయస్కాంతం_అనంతపురం:
అర్థమైంది సార్. ప్లాటినం-కోబాల్ట్ వైర్లలో వాల్ కరెంటు దిక్కుకే, అంటే ఎలక్ట్రాన్లకు ఎదురుగా, పోతుందని చదివినా. అది కొలత తప్పా?

గండికోట_కడప:
కాదు. అక్కడ కోబాల్ట్ నానోమీటరు కంటే పల్చన, కింద ప్లాటినంలో స్పిన్ హాల్ ప్రభావం (కరెంటు పోతుంటే స్పిన్‌లు పక్కకు వేరుపడి కోబాల్ట్‌లోకి పోవడం) వాల్‌ను తోస్తుంది. వాల్ నీల్ రకం (దాని లోపలి అయస్కాంతీకరణ వైరు పొడవున తిరిగేది), ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది (ఒకే చేతివాటం), కాబట్టి పైకి-కిందికి, కిందికి-పైకి వాల్సు రెండూ కలిసే పోతాయి. 2011లో మిరాన్ బృందం సెకనుకు 400 మీటర్ల దాకా చూసింది. మీ పర్మలాయ్‌లో ఆ పొర లేదు కదా, ఆ దిక్కు వస్తే ముందు కేబుళ్లు తారుమారయ్యాయేమో చూసుకోండి.