మెర్విన్ కవిత్వం గంటలో ఎలా చెప్పాలి? ఎర్రనేలలో తాటి టెంకలు ఎలా నాటాలి?

అనంత పాఠకుడు:
డిగ్రీ విద్యార్థులకు డబ్ల్యూ. ఎస్. మెర్విన్ గురించి గంటసేపు చెప్పాలి. హవాయిలో పాడైపోయిన అనాస భూమిలో తాటిజాతి చెట్ల అడవి పెంచిన కవి అని పిల్లలకు తెలుసు. కామాలు, ఫుల్‌స్టాపులు లేని ఆ కవితల్ని ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదివించాలి? ఇంకోటి, కాలేజీ వెనక ఎర్రనేల వాలులో తామూ అలాంటి చెట్లు పెడతామంటున్నారు. అనంతపురంలో బతుకుతాయా?

పుస్తకాల అర:
తొలి సంపుటితో మొదలుపెట్టొద్దు సార్. 1952లో ఇంగ్లీషు కవి ఆడెన్ ఎంపిక చేసిన ఆ పుస్తకం పాత పద్ధతిలో నడుస్తుంది, పిల్లలు అక్కడే ఆగిపోతారు. 1967 నాటి 'ద లైస్' సంపుటి తీసుకోండి. అందులో తన మరణ వార్షికోత్సవం మీద రాసిన కవిత 13 పాదాలే. ముందు అందరినీ మనసులో చదవమనండి. అర్థం విరిగేచోట పెన్సిల్‌తో గీత పెట్టమని, అప్పుడు పైకి చదివించండి. ప్రతి పాదం చివరా గొంతు దించేస్తారు, చెడేది అక్కడే. రెండో భాగం మొదటి పాదం 'ఇక నేను ఉండను' అన్నట్టు వినిపించి తెగుతుంది. నిజానికి వాక్యం కింది పాదంలోకి సాగి, బతుకు పరాయి బట్టలా అనిపించడం ఇక ఉండదని చెబుతుంది. గొంతు దించితే ఆ మలుపు పోయినట్టే.

తర్వాత అదే పుస్తకంలో అంతరించిపోతున్న బూడిదరంగు తిమింగలంతో మాట్లాడే కవిత. ఆ కోపం పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. చివర 1988 నాటి 'ద రెయిన్ ఇన్ ద ట్రీస్'లో 'ప్లేస్'. లోకానికి ఆఖరి రోజున ఒక చెట్టు నాటాలని, అదీ పండు కోసం కాదని అంటాడు.

జీవితానికి పది నిమిషాలు చాలు. 1927లో న్యూయార్క్‌లో పుట్టాడు. 1971లో వచ్చిన పులిట్జర్ సాహిత్య బహుమతి డబ్బును వియత్నాం యుద్ధానికి బలవంతపు సైనిక భర్తీని ఎదిరించేవాళ్ల కోసం ఇచ్చేశాడు. రాబర్ట్ ఐట్‌కెన్ అనే గురువు దగ్గర జెన్ బౌద్ధ ధ్యానం నేర్చుకోవడానికి 1976లో హవాయి వెళ్లి, మరుసటి ఏడాది మావీ దీవిలో భూమి కొన్నాడు. 2009లో రెండో పులిట్జర్, 2010లో అమెరికా ఆస్థానకవి పదవి. 2019లో అక్కడే 91 ఏళ్ల వయసులో పోయాడు.

ఎర్రమట్టి:
భూమి సంగతి నేను చెబుతా. అక్కడ అనాస కోసం వాలు వెంబడి పైనుంచి కిందికి దున్నడంతో పైమట్టి వానకు కొట్టుకుపోయింది. మన వేరుశనగ చేలల్లో జరిగేదీ ఇదే. ఆ సుమారు 19 ఎకరాల్లో ఇప్పుడు 400కు పైగా తాటిజాతులున్నాయి. కానీ అది వర్షాలు బాగా పడే తట్టు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే, అదీ నమ్మకం లేదు. నర్సరీలో కొన్న అలంకారపు పామ్ మొక్కలు వేసవి దాటవు. తాటి, ఈత పెట్టండి.

ముందు వాలుకు అడ్డంగా గట్లు వేసి, గట్టుకు ఎగువన టెంకలు పాతాలి. గట్టు దగ్గర ఆగే వాన నీళ్లే వాటికి ఆధారం. తాటిపండ్లు రాలే శ్రావణ భాద్రపదాల్లో గుజ్జు తీసిన టెంకల్ని ఎండిపోకముందే బెత్తెడు లోతులో, పదడుగుల ఎడంగా పెట్టండి. కవర్లలో పెంచొద్దు. మొలక ముందు నేలలోకి నిటారుగా దిగుతుంది, మనం తినే తేగ అదే. కవరు అడుగున అది వంకర తిరిగినా, పీకేటప్పుడు తెగినా మొక్క దక్కదు. ఆకు కనిపించడానికి నెలలు పడుతుంది. చచ్చిందని తవ్వి చూడొద్దు. తేగల కోసం ఎవరూ తవ్వకుండా కాపలా మాత్రం ఉండాలి.

అనంత పాఠకుడు:
మంచిది. హవాయి సొంత చెట్లే ఆయనా పెట్టాడని చెప్పొచ్చా?

పుస్తకాల అర:
అలా చెప్పొద్దు సార్. లౌలు అనే ప్రిచార్డియా రకాలు మాత్రమే హవాయి సొంత తాటిజాతులు. అవీ పెంచాడు గానీ, తోటలో ఎక్కువ భాగం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవే. చాలావాటిని విత్తనం నుంచే మొలిపించాడు.

ఎర్రమట్టి:
ఈత గింజలకూ పద్ధతి అదే, లోతు రెండు వేళ్లు చాలు. వాటిని తాటికి దిగువన, తడి నిలిచేచోట పెట్టండి.