యుద్ధం మీద రచయితలు స్టేట్‌మెంట్ ఇస్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా? మా గ్రూపులో పెద్ద వాదనే అయింది

కోరమంగళ_పాఠకుడు:
అందరికీ నమస్తే. బెంగళూర్లో మా తెలుగు పుస్తకాల గ్రూపు ఆదివారాలు కబ్బన్ పార్కులో కలుస్తుంది. మొన్న ఒకమ్మాయి గాజా మీదా ఉక్రెయిన్ మీదా బాంబులు ఆపాలని అందరం సంతకాలు పెట్టి స్టేట్‌మెంట్ ఇద్దాం అంది, సగం మంది మనకెందుకండీ రాజకీయాలు కథల గురించి మాట్లాడుకుందాం అన్నారు, ఒకాయనైతే మనం రాస్తే యుద్ధం ఆగుద్దా అని మొహమ్మీదే అడిగేశారు. నాకైతే ఊరుకోవడం తప్పనిపిస్తోంది, కానీ ఆయనకేం చెప్పాలో తెలీట్లేదు.

వేపచెట్టు:
ఆగదండీ, ఆ మాట ఒప్పేసుకోండి. కానీ రచయిత చేసే పని అదొక్కటేనా? ఉక్రెయిన్లో విక్టోరియా అమెలినా అని నవలా రచయిత్రి, 2022లో యుద్ధం ముదిరాక నవలలు పక్కనపెట్టి యుద్ధ నేరాలు నమోదు చేసే పనిలోకి దిగింది. పిల్లల పుస్తకాలు రాసే వొలొదిమిర్ వకులెంకోని రష్యా సైనికులు పట్టుకెళ్ళి చంపేశారు, ఆయన అంతకుముందే తన డైరీని పెరట్లో చెర్రీ చెట్టు కింద పాతిపెట్టాడు. ఆ సెప్టెంబర్లో ఊరు మళ్ళీ ఉక్రెయిన్ చేతికొచ్చాక ఈవిడ వెళ్ళి, ఆయన తండ్రితో కలిసి తవ్వి తీసింది. లేకపోతే అక్కడేం జరిగిందో ఆయన మాటల్లో మనకి మిగిలేదే కాదు. 2023 జూన్ 27న క్రమతోర్స్క్‌లో రెస్టారెంట్ మీద మిసైల్ పడి గాయపడి జులై 1న ఆవిడ కూడా పోయింది, 37 ఏళ్ళకే.

మైలాపూర్_తెలుగు:
చెన్నై నుంచి ఒక మాట. యుద్ధం సంగతి కాదు గానీ హక్కుల గురించి కాబట్టి చెప్తున్నా. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ గారి నవల మీద గొడవలైతే, 2015 జనవరిలో నామక్కల్‌లో అధికారుల మీటింగులో ఆయన చేత క్షమాపణ చెప్తూ ఒప్పందం రాయించుకున్నారు, ఆయన ఇక రాయనని ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. అప్పుడు తమిళనాడు అభ్యుదయ రచయితల సంఘం వాళ్ళు కోర్టుకెళ్ళారు, 2016 జులై 5న మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందానికి ఆయన కట్టుబడక్కర్లేదు అంది. ఆయన మళ్ళీ రాస్తున్నారు కదా.

రాజాజీనగర్_రీడర్:
ఇస్తే మాత్రం శాంతి కావాలి అని గాల్లో రాయకండి బ్రదర్, పేర్లు తేదీలు పెట్టండి. గాజాలో ఇంగ్లీష్ సాహిత్యం చెప్పే కవి రెఫాత్ అలరీర్ 2023 డిసెంబర్ 6న వైమానిక దాడిలో చనిపోయారు, అది రాయండి. అదే ఏడాది అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో చంపబడ్డ మామూలు జనం గురించి కూడా రాయాలి, ఎవరి ప్రాణమైనా ప్రాణమే. ఇంకోటి, పార్కులో బ్యానర్ పట్టుకుని నిలబడితే పోలీసులు ఊరుకోరు, సిటీలో నిరసనకి ఫ్రీడమ్ పార్కే, అక్కడైనా పర్మిషన్ కావాలి.

కోరమంగళ_పాఠకుడు:
అందరికీ థాంక్సండీ. డైరీ సంగతి ఆదివారం ఆయనకి చెప్తా. డ్రాఫ్ట్ రాసి ఇక్కడే పెడతాను, కన్నడలోకి మార్చిపెట్టే వాళ్ళెవరన్నా ఉంటే చెప్పండి.