కుట్టు విప్పకుండా పాత సీరియల్ బైండు స్కాన్ చేయడం ఎలా?

1970ల్లో వారపత్రికలో వచ్చిన సీరియల్ కాగితాలు చింపి అమ్మ బైండు చేయించుకున్న పుస్తకం ఇది. ఇప్పటికీ మనసు బాగోకపోతే అదే తీస్తుంది. అచ్చు పుస్తకం కొనిచ్చినా ముట్టుకోలేదు. మార్జిన్లలో తను పెన్సిల్‌తో రాసుకున్నవి, ఆ బొమ్మలు, పక్కనే సబ్బుల ప్రకటనలు అందులో ఉండవు కదా!

న్యూస్‌ప్రింట్ గోధుమరంగుకు తిరిగింది, మడత పడితే అప్పడంలా విరుగుతోంది. పక్క కుట్టు కావడంతో 90 డిగ్రీలకు మించి తెరుచుకోదు. లోపలి వైపు అక్షరాలు దాదాపు కుట్టుకు ఆనుకునే ఉన్నాయి.

ఫోన్ స్కానర్ యాప్‌తో తీస్తే ఆ అంచున నీడ పడి అక్షరాలు వంకరపోతున్నాయి. పైన అద్దం పెట్టి అదిమితే కాగితం చిట్లుతోంది. జిరాక్స్ షాపులో బోర్లా వేసి నొక్కబోతే నేనే ఆపాను. కుట్టు విప్పితే సూది కన్నాల దగ్గర కాగితం నిలవదని బైండరే చెప్పాడు. (సెల్లోటేప్ సలహా వద్దండీ, ఎప్పుడో వేసినచోట జిగురు ఇంకి మరకే మిగిలింది.)

ఇలాంటి బైండును 90 డిగ్రీల్లోనే తెరిచి, లోపలి అంచు కూడా చదవగలిగేలా ఇంట్లో స్కాన్ చేసినవాళ్లు కెమెరా, లైటు ఎలా అమర్చుకున్నారు?