ఒకరి పద్దు అందరి ఖాతాల్లోనూ కనిపిస్తోంది: పైథాన్ క్లాసులో లిస్టుతో సమస్య

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా కిరాణా కొట్లో అరువు పుస్తకానికి బదులుగా వాడదామని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాస్తూ, దాని ద్వారానే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి నేర్చుకుంటున్నాను. ఖాతా అనే క్లాసు (ఆబ్జెక్టులను తయారు చేసే నమూనా) పెట్టి, దాని మొదటి రెండు వరుసల్లో బాకీ సున్నా అనీ, పద్దులు ఖాళీ లిస్టు అనీ రాశాను. అరువు అనే మెథడ్, ఇచ్చిన మొత్తాన్ని సెల్ఫ్‌లోని, అంటే ఆ ఖాతాలోని, బాకీకి ప్లస్-ఈక్వల్స్‌తో (+=) కలిపి, సెల్ఫ్‌లోని పద్దులకు అపెండ్‌తో చేరుస్తుంది. రెండు ఖాతాలు సృష్టించి మొదటిదానిలో 250 రూపాయలు రాస్తే, రెండో ఖాతా బాకీ సున్నాగానే ఉంది గానీ దాని పద్దుల్లో ఆ 250 కనిపిస్తోంది. ఒకే చోట రాసిన రెండింటిలో ఒకటి సరిగ్గా నడిచి, మరొకటి ఎందుకు చెడింది?

మొదటి సమాధానం:
క్లాసు లోపల నేరుగా రాసిన వరుసలు, క్లాసును నిర్వచించేటప్పుడు ఒక్కసారే నడుస్తాయి. ఆ తరువాత మీరు ఎన్ని ఖాతాలు సృష్టించినా వాటికి విడివిడి ప్రతులు రావు. ఆబ్జెక్టులో వెతికిన పేరు దొరకకపోతే పైథాన్ దాన్ని క్లాసులో వెతుకుతుంది కనుక, మీ రెండు ఖాతాలూ వెళ్లి అదే లిస్టును పట్టుకుంటున్నాయి. ఖాతాదారులకు తలా ఒక పేజీ ఇవ్వకుండా, అందరి పద్దులూ గోడకు తగిలించిన ఒకే పలక మీద రాసినట్లయింది. ప్రతి కొత్త ఆబ్జెక్టు తయారైనప్పుడు నడిచే ఇనిట్ మెథడ్‌లో సెల్ఫ్‌కు కొత్త ఖాళీ లిస్టును ఇస్తే సరిపోతుంది.

రెండవ సమాధానం:
బాకీ సరిగ్గా నడవడం కూడా యాదృచ్ఛికమే. ప్లస్-ఈక్వల్స్ ముందుగా క్లాసులోని సున్నాను చదివి, 250 కలిపి, వచ్చిన కొత్త సంఖ్యను ఆబ్జెక్టులోనే దాస్తుంది. సంఖ్యను ఉన్నచోట మార్చడం సాధ్యం కాదు గనుక క్లాసులోని సున్నా అలాగే మిగిలిపోతుంది. అపెండ్ అలా కాదు, అది ఉన్న లిస్టునే మారుస్తుంది. అరువు రాయకముందు, రాశాక ఆబ్జెక్టులో దాచినవాటిని చూపే వార్స్ (vars) ఫంక్షన్‌తో మొదటి ఖాతాను ప్రింట్ చేసి చూడండి: ముందు ఖాళీ డిక్షనరీ, తరువాత ఒక్క బాకీ మాత్రమే కనిపిస్తాయి. అపెండ్‌కు బదులు లిస్టు మీద కూడా ప్లస్-ఈక్వల్స్ వాడితే తప్పించుకోవచ్చని అనుకోకండి, లిస్టుల విషయంలో అదీ పాత లిస్టునే పెంచుతుంది.

మూడవ సమాధానం:
జావా నేర్చుకుని వచ్చినవారు ఇక్కడ తరచుగా తడబడతారు, ఎందుకంటే అక్కడ అదే స్థానంలో స్టాటిక్ (క్లాసుకంతటికీ ఒక్కటే) అని చెప్పకుండా రాసిన ఫీల్డు ఒక్కో ఆబ్జెక్టుకు విడిగా ఉంటుంది. అంతమాత్రాన క్లాసు వేరియబుల్‌ను దోషిగా చూడనవసరం లేదు. ఖాతాలన్నిటికీ వర్తించే అరువు పరిమితి ఏదైనా ఉంటే దానికి అదే సరైన చోటు.

అసలు బాకీని విడిగా దాచడమే నాకు నచ్చలేదు. పద్దులను కూడి బాకీ చెప్పే మెథడ్ ఒకటి రాస్తే, బయటి కోడ్ ఏదో బాకీని మాత్రం మార్చి పద్దులను మరచిపోయే అవకాశమే ఉండదు. పాఠాల్లో ఎన్‌క్యాప్సులేషన్ అని చెప్పేది ఈ జాగ్రత్తనే. అయితే జావాలో ప్రైవేట్ ఫీల్డును బయటి క్లాసు ముట్టుకుంటే కంపైలరే ఒప్పుకోదు. పైథాన్‌లో పేరుకు ముందు పెట్టే అండర్‌స్కోర్ కేవలం ఒక మర్యాద, దాన్ని ఎవరైనా దాటవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పాత పద్దులు ఉన్నవారి కోసం ఇనిట్‌లో పద్దులను పారామీటరుగా తీసుకుని, ఏమీ ఇవ్వకపోతే ఖాళీ లిస్టు అని డిఫాల్ట్ పెట్టాను. మళ్లీ పద్దులు కలిసిపోయాయి.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
కారణం దాదాపు అదే. డిఫాల్ట్ విలువ, ఫంక్షన్‌ను నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది తప్ప పిలిచిన ప్రతిసారీ కాదు. డిఫాల్ట్‌గా నన్ (None, అంటే విలువేమీ లేదని) పెట్టి, లోపల అది నన్ అయితే కొత్త లిస్టు సృష్టించండి. బయటి నుంచి లిస్టు వచ్చినప్పుడు కూడా దాని ప్రతిని దాచుకోవడం మేలు, లేకపోతే ఇచ్చినవారి చేతిలోనూ అదే లిస్టు ఉంటుంది.